ఆకలి, బరువు, సంతానోత్పత్తి: మెదడు పెప్టైడుల అనుసంధానం

1. ఉపోద్ఘాతం

1876-78 నాటి ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో మరణాలను పెంచడమే కాక జననాలను కూడా బాగా తగ్గించింది. వలసలు, కుటుంబాల విచ్ఛిన్నం ఇందుకు కొంతవరకు కారణాలు. శరీరంలో కలిగే మార్పు మరొక కారణం. ఆహారం కొరవడినప్పుడు మెదడు సంతానోత్పత్తిని ఎలా వాయిదా వేస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిల్వల సమాచారం

విశాఖ ఉక్కు కర్మాగారం రేవుల ద్వారా దిగుమతయ్యే కోకింగ్ బొగ్గుపై ఆధారపడుతుంది. నిల్వలు తరిగితే బ్లాస్ట్ ఫర్నేసులలో ఉత్పత్తిని తగ్గించక తప్పదు. గర్భధారణ, స్తన్యమివ్వడం కూడా నెలల తరబడి శక్తిని కోరే ప్రక్రియలే. అందువల్ల శరీరం ముందుగా తన నిల్వలను లెక్క చూసుకుంటుంది. ఆ లెక్కను మెదడుకు చేరవేసేది 1994లో గుర్తించిన లెప్టిన్ అనే హార్మోన్. కొవ్వు కణాలు దీనిని స్రవిస్తాయి. కొవ్వు తగ్గితే రక్తంలో లెప్టిన్ కూడా తగ్గుతుంది.

3. మెదడులోని వ్యవస్థ

ఈ సమాచారాన్ని స్వీకరించేది హైపోథాలమస్, అనగా అధోపర్యంకం. లెప్టిన్ తగ్గినప్పుడు అక్కడ న్యూరోపెప్టైడ్-వై పెరిగి ఆకలిని రేపుతుంది. ప్రత్యుత్పత్తికి మూల సంకేతం జీఎన్‌ఆర్‌హెచ్. ఇది పది అమైనో ఆమ్లాల పెప్టైడ్. ఇది విడతలు విడతలుగా వెలువడి పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. ఆ గ్రంథి హార్మోన్లు అండాశయాలను, వృషణాలను పనిచేయిస్తాయి. అయితే జీఎన్‌ఆర్‌హెచ్ కణాలకు లెప్టిన్ గ్రాహకాలు లేవు. శక్తి సమాచారం ఇతర నాడీకణాల ద్వారా వాటికి చేరుతుంది. ఆ మార్గంలో ముఖ్యమైన కణాలు కిస్‌పెప్టిన్‌ను విడుదల చేసేవి. కిస్‌పెప్టిన్ గ్రాహకం లోపించినవారిలో యౌవనారంభం జరగదని 2003లో వెల్లడైంది.

పుట్టుకతోనే లెప్టిన్ లోపించిన పిల్లల ఉదాహరణ ఇక్కడ గమనార్హం. వారు స్థూలకాయులు, అయినా తీరని ఆకలితో ఉంటారు, యౌవనారంభం సాధారణంగా జరగదు. లెప్టిన్ అందిస్తే ఆకలి తగ్గుతుంది, యుక్తవయసులో యౌవన వికాసం సాధ్యమవుతుంది. అంటే కొవ్వు ఎంత ఉన్నా కబురు అందకపోతే మెదడు దానిని కరువుగానే పరిగణిస్తుంది.

4. ముగింపు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 15 శాతం స్త్రీలు తక్కువ బరువుతోను, సుమారు 36 శాతం అధిక బరువుతోను ఉన్నారు. ఈ రెండు స్థితులూ ఋతుక్రమాన్ని దెబ్బతీయగలవు. స్థూలకాయం పురుషులలోనూ టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తుంది. సంతానం కలగకపోతే నిందను స్త్రీపైనే మోపే సమాజం ఈ విషయాన్ని గ్రహించాలి. సంతానోత్పత్తి శక్తి నిల్వలతోను, మెదడుకు అందే సంకేతాలతోను ముడిపడిన ప్రక్రియ. కాబట్టి దంపతులిద్దరికీ పరీక్షలు, పోషకాహార సలహా అందడమే సముచితం.