పాత ఓడకు మరమ్మతు: ఎంతవరకు లాభసాటి?

న్యూఢిల్లీ: ఇంజను అరిగిపోయిన పాత పడవను బాగు చేయించుకోవడమా, వచ్చిన ధరకు వదిలించుకోవడమా? వేట నిషేధకాలంలో మరపడవల యజమానులకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇదే ప్రశ్న కోట్లాది రూపాయల స్థాయిలో భారత ప్రభుత్వానికి కూడా పలుమార్లు ఎదురైంది. విమానవాహక నౌకల విషయంలో మన నౌకాదళం వేర్వేరు కాలాలలో తీసుకున్న మూడు నిర్ణయాలు మూడు భిన్నమైన ఫలితాలను ఇచ్చాయి.

పగిలిన బాయిలర్‌తో యుద్ధానికి

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో నిర్మాణం మొదలై, మధ్యలో నిలిచిపోయిన 'హెర్క్యులిస్' నౌకను భారత్ 1957లో కొనుగోలు చేసింది. 1961లో అది 'విక్రాంత్' పేరుతో నౌకాదళంలో చేరింది. పదేళ్లు తిరగకముందే, 1970లో దాని బాయిలర్ల నీటి డ్రమ్ములలో పగుళ్లు బయటపడ్డాయి. అవి వెల్డింగ్‌కు లొంగే పగుళ్లు కావు. కొత్త డ్రమ్ములు దేశంలో దొరకవు. బ్రిటన్ నుంచి రావలసి ఉంది. నౌక నెలల తరబడి బొంబాయి రేవులో కదలకుండా ఉండిపోయింది.

ఇంతలో తూర్పు పాకిస్థాన్‌లో పరిస్థితి విషమించి యుద్ధం అనివార్యమయ్యే సూచనలు కనిపించాయి. పూర్తి మరమ్మతుకు వ్యవధి లేదు. నౌకను రేవులోనే ఉంచితే దానిపై పెట్టిన సొమ్మంతా నిరర్థకం. అందువల్ల తక్కువ పీడనంతో, పరిమిత వేగంతో నడపాలని నౌకాదళం నిర్ణయించింది. ఇందులో ప్రమాదం లేకపోలేదు. పీడనం హద్దు మీరితే బాయిలర్ గదిలో పనిచేసేవారి ప్రాణాలకే ముప్పు. పైగా విమానం గాలిలోకి లేవడానికి నౌక ఎదురుగాలిలో వేగంగా సాగడం అవసరం. వేగం తగ్గితే విమానాలు మోయగల బరువూ తగ్గుతుంది.

అయినప్పటికీ 1971 డిసెంబరులో బంగాళాఖాతంలో ప్రవేశించిన విక్రాంత్, కాక్స్ బజార్, చిట్టగాంగ్ రేవులపై విమానదాడులు జరిపింది. దానిని వెతుకుతూ వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి 'ఘాజీ' డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ విశాఖపట్నం తీరంలో మునిగిపోయింది. ఆనాడు విక్రాంత్‌ను కొత్త నౌకలా తీర్చిదిద్దే ప్రయత్నం జరగలేదు. అవసరమైన పనికి చాలినంతగా సిద్ధం చేశారు. ఆ నౌక 1997 వరకు సేవలో కొనసాగింది.

ఉచితంగా వచ్చిన భారం

రెండవది రష్యా నౌక 'అడ్మిరల్ గోర్ష్‌కోవ్' ఉదంతం. 1987లో సోవియట్ నౌకాదళంలో చేరిన ఈ నౌకలో 1994లో బాయిలర్ గదిలో పేలుడు సంభవించింది. 1996లో దానిని సేవ నుంచి తప్పించారు. 2004లో కుదిరిన ఒప్పందం ప్రకారం నౌక ఉచితం. మరమ్మతులకు, ఆధునికీకరణకు మాత్రం 97.4 కోట్ల డాలర్లు చెల్లించాలి. 2008లో అప్పగించాలన్నది షరతు.

అయితే పని ప్రారంభించిన తరువాత గానీ అసలు పరిస్థితి తెలియలేదు. నౌకలోని సుమారు 2,500 గదులలో 1,750 వరకు తిరిగి నిర్మించవలసి వచ్చింది. వేలాది కిలోమీటర్ల కేబుళ్లు మార్చవలసి వచ్చింది. చివరకు 2010లో వ్యయాన్ని సుమారు 235 కోట్ల డాలర్లుగా ఖరారు చేశారు. సగం ఆయుష్షు తీరిన పాత నౌకకు, కొత్త నౌక ధర కంటే 60 శాతం అధికంగా ఖర్చవుతున్నదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2009 నివేదికలో ఆక్షేపించారు.

కష్టాలు అక్కడితో తీరలేదు. 2012 సెప్టెంబరులో జరిపిన సముద్ర పరీక్షలలో ఎనిమిది బాయిలర్లకు గాను ఏడు మొరాయించాయి. వాటి ఉష్ణకవచం వేడికి తట్టుకోలేకపోవడమే కారణమని తేలింది. ఎట్టకేలకు 2013 నవంబరు 16న ఆ నౌక 'విక్రమాదిత్య'గా భారత్ వశమైంది. అప్పటికి ఐదేళ్ల ఆలస్యం జరిగింది. ఒప్పందాన్ని రద్దు చేసుకునేందుకు వీలు లేకపోవడానికి కారణం ఒకటే: నౌకాదళానికి అప్పట్లో అందుబాటులో మరో కొత్త విమానవాహక నౌక లేదు.

వదులుకున్న విరాట్

మూడవది 'విరాట్'. 1959లో 'హెర్మిస్' పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో చేరి, 1987లో మన చేతికి వచ్చిన ఈ నౌక, పలుమార్లు మరమ్మతులతో మరో 30 ఏళ్లు పనిచేసి 2017 మార్చి 6న విశ్రమించింది. దానిని విశాఖ తీరాన మ్యూజియంగా మార్చాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంకల్పించినా, వ్యయం వెయ్యి కోట్ల రూపాయల వరకు కాగలదన్న అంచనాల మధ్య ప్రతిపాదన కార్యరూపం దాల్చలేదు. 2020లో రూ. 38.54 కోట్లకు వేలంలో అమ్ముడై, గుజరాత్‌లోని అలంగ్ నౌకా విచ్ఛిన్న కేంద్రానికి చేరింది.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఈ మూడు ఉదంతాల నుంచి ఆర్థికపరంగా గ్రహించదగినది ఒకటుంది. మరమ్మతు అంచనా పైకి కనిపించే లోపాల మీద తయారవుతుంది. బిల్లు మాత్రం విప్పి చూసిన తరువాత బయటపడే లోపాల మీద వస్తుంది. కనుక ముందుగా విప్పి పరీక్షించనిదే ధర కుదుర్చుకోవడం శ్రేయస్కరం కాదు. మొత్తం వ్యయాన్ని ఇక మిగిలిన సేవాకాలంతో భాగించి, ఏడాదికి ఎంత పడుతున్నదో చూడాలి. ఇప్పటివరకు పెట్టిన సొమ్ము ఈ లెక్కలోకి రాకూడదు. ఓడ లేకపోవడం వల్ల కలిగే నష్టం మాత్రం తప్పక రావాలి.

చిన్న పడవకైనా ఈ సూత్రమే వర్తిస్తుంది. అడుగు చెక్క గట్టిగా ఉండి ఇంజను మాత్రమే అరిగితే మరమ్మతుకు అర్థముంది. ఆ ఇంజనును రేపు వేరొక పడవకైనా బిగించుకోవచ్చు. చెక్కే పుచ్చిపోయినప్పుడు కొత్త ఇంజను బిగించినా ప్రయోజనం ఉండదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు ఉండే నిషేధకాలం ఈ పరీక్షకు చాలినంత వ్యవధి. ప్రభుత్వం తప్పు లెక్క వేస్తే ఆ భారం కోట్లాది ప్రజలు పంచుకుంటారు. పడవ యజమాని వేసిన తప్పు లెక్కను మోయవలసింది అతని కుటుంబం ఒక్కటే.