హారర్ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? దెయ్యం కంటే ముందు ఈ విషయం తెలుసుకోండి..

చేతిలో ఫోన్, పక్కన నలుగురు ఫ్రెండ్స్, ఊరి చివర ఓ పాడుబడ్డ ఇల్లు. హారర్ షార్ట్ ఫిల్మ్‌కి ఇంతకంటే ఇంకేం కావాలి? కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్.. ఎక్కడైనా సరే, మొదటి సినిమా అనగానే చాలామంది కాలేజీ పిల్లలకు ముందు గుర్తొచ్చేది దెయ్యం కథే. కారణం సింపుల్. హీరో అక్కర్లేదు, పాటలు అక్కర్లేదు, ఫైట్లు అక్కర్లేదు. చీకటి ఉంటే చాలనుకుంటారు. షూటింగ్ మొదలుపెట్టాక గానీ తెలియదు, ఆ చీకటిని చూపించడమే అన్నిటికంటే కష్టమని.

కరీంనగర్‌లో డిగ్రీ చదివే ఓ విద్యార్థి ఐదు నిమిషాల హారర్ ఫిల్మ్ తీస్తున్నాడనుకుందాం. మొదటి కథ ఇదీ.. ఊరి చివర ఒంటరిగా ఉండే ఓ ముసలమ్మ. ఆమె చూపు పడితే పిల్లలకు జ్వరం. అమావాస్య రాత్రి నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. చివర్లో ఆమె కళ్లు తెల్లగా మారిపోతాయి. కట్.

వినడానికి బాగానే ఉంది కదా? ఈ కథను గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికే వద్దాం. ముందు మన కుర్రాడు ఒక్కో మెట్టు దగ్గర ఏం నేర్చుకుంటాడో చూద్దాం.

చూపిస్తే భయం పోతుంది

మొదటి రోజు షూటింగ్‌లో అందరూ చేసే తప్పు ఒకటే. దెయ్యానికి తెల్ల చీర కట్టి, మొహానికి పౌడర్ పూసి, కెమెరా ముందు నిలబెట్టేస్తారు. మానిటర్‌లో చూస్తే మన ఫ్రెండే పౌడర్ పూసుకున్నట్టు ఉంటుంది. భయం రాదు, నవ్వొస్తుంది.

1975లో వచ్చిన హాలీవుడ్ సినిమా జాస్ గురించి ఓ సంగతి చెబుతారు. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ షార్క్ కోసం మెషిన్ బొమ్మ చేయిస్తే, సముద్రం నీళ్లలో అది మాటిమాటికీ మొరాయించింది. దాంతో సినిమాలో ఎక్కువ భాగం షార్క్‌ను చూపించకుండానే నడిపించాల్సి వచ్చింది. నీళ్లు, సంగీతం, జనం మొహాలు. అంతే! బొమ్మ పనిచేసి ఉంటే అంత భయం పుట్టేది కాదేమో.

షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. స్వీడన్‌కు చెందిన డేవిడ్ శాండ్‌బర్గ్ 2013లో లైట్స్ అవుట్ అనే షార్ట్ ఫిల్మ్ తీశాడు. నిడివి మూడు నిమిషాల లోపే. లొకేషన్ సొంత ఇల్లు, నటించింది భార్య. కథేంటంటే.. లైట్ ఆపితే ఓ ఆకారం కనిపిస్తుంది, వేస్తే మాయమవుతుంది. ఆ ఒక్క స్విచ్‌తోనే సినిమా నడిచింది. ఇంటర్నెట్‌లో వైరల్ అయ్యింది. 2016లో అదే ఐడియాతో హాలీవుడ్ ఫీచర్ సినిమా వచ్చింది. దర్శకుడు కూడా అతనే.

అంటే కావాల్సింది పెద్ద బడ్జెట్ కాదు, ఒకే ఒక్క నియమం. అది ప్రేక్షకుడికి మొదటి అర నిమిషంలోనే అర్థం కావాలి. ఆ తర్వాత ప్రతి సీన్‌లో ఆ నియమాన్నే వాడుకోవాలి.

ఉలికిపాటు వేరు, భయం వేరు

సడెన్‌గా పెద్ద సౌండ్, తెర మీద ఓ మొహం. ఎవరైనా ఉలిక్కిపడతారు. కానీ రెండో సెకనుకే నవ్వేస్తారు. ఈ తేడాను ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఓ ఉదాహరణతో వివరించేవాడు. టేబుల్ కింద బాంబు ఉన్న సంగతి ప్రేక్షకుడికి ముందే తెలియకపోతే, అది పేలినప్పుడు కొన్ని సెకన్ల షాకే మిగులుతుంది. ముందే తెలిస్తే, టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు మామూలు ముచ్చట్లు చెప్పుకుంటున్నంత సేపూ టెన్షనే.

దీన్ని మన హాస్టల్ గదికి తెచ్చుకుందాం. అమ్మాయి చదువుకుంటోంది. వెనక తలుపు గొళ్లెం దానంతట అదే మెల్లగా జరిగింది. ఆమె చూడలేదు, మనం చూశాం. ఇప్పుడు ఆమె పెన్ను కోసం వంగినా భయమే, ఫోన్ మాట్లాడినా భయమే. ఒక్క గొళ్లెం షాట్ రెండు నిమిషాల సీన్‌ను నిలబెట్టేసింది.

చీకటికి కూడా వెలుతురు కావాలి

ఫోన్ కెమెరాతో రాత్రి తీస్తే పుటేజ్ అంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది. వెలుతురు సరిపోక ఫోన్ దానంతట అదే సెన్సిటివిటీ పెంచేసుకోవడం వల్ల వచ్చే సమస్య ఇది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పూర్తి చీకట్లో తీయరు. పొద్దు గూకిన తర్వాత ఆకాశంలో నీలం రంగు మిగిలి ఉండే ఇరవై, ముప్పై నిమిషాల్లో బయటి షాట్లు లాగించేస్తారు. ఎడిటింగ్‌లో కాస్త డార్క్ చేస్తే అర్ధరాత్రిలా కనిపిస్తుంది.

ఇంటి లోపల అయితే ఒక్క లైటు చాలు. కానీ అది నటుల మొహం మీదకు నేరుగా కాకుండా పక్క నుంచో, వెనక నుంచో రావాలి. సగం మొహం చీకట్లో ఉంటే మిగతా సగాన్ని చూసేవాడి బుర్రే ఊహించుకుంటుంది.

వీడియోలో ట్యూబ్‌లైట్ గీతలు గీతలుగా కొట్టుకుంటోందా? దయ్యం పని కాదది. మన కరెంటు 50 హెర్ట్జ్. దాంతో చాలా లైట్ల వెలుతురు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది. కెమెరా యాప్‌లో షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెడితే ఆ గీతలు చాలా వరకు పోతాయి. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయడం మర్చిపోవద్దు.

ఆదిలాబాద్ వైపు వాళ్లకు ఇంకో వరం ఉంది. డిసెంబర్, జనవరిలో అక్కడ రాత్రి ఉష్ణోగ్రతలు సింగిల్ డిజిట్‌కు పడిపోతాయి. తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకునే పొగమంచుకు ఏ ఫాగ్ మెషినూ సాటిరాదు. అయితే చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. పవర్ బ్యాంక్ జేబులో వెచ్చగా పెట్టుకోవాల్సిందే.

సగం సినిమా చెవుల్లోనే..

హారర్ సినిమాను సౌండ్ ఆపేసి చూడండి. భయం సగానికి పడిపోతుంది. షూటింగ్ అయిపోయాక అదే గదిలో అందరూ కదలకుండా, మాట్లాడకుండా నిలబడి ఒక నిమిషం ఖాళీ సౌండ్ రికార్డ్ చేసుకోవాలి. ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య ఖాళీలు నింపడానికి అదే దిక్కు. కీచురాళ్లు, దూరంగా బోరు మోటార్, ఎక్కడో కుక్క ఏడుపు.. ఇవన్నీ ఫ్రీగా దొరుకుతాయి. వాటన్నిటినీ ఒక్కసారిగా ఆపేసి చూడండి. ఆ నిశ్శబ్దమే అసలైన భయం.

డైలాగుల సంగతి కూడా అంతే. "ఎవరది? ఎవరు మీరు?" అని పుస్తకాల భాషలో అరిస్తే నాటకంలా ఉంటుంది. అదే ఓ అవ్వ మంచంలోంచి లేవకుండానే "ఎవలాడ?" అని మెల్లగా అడిగితే? ఒళ్లు జలదరిస్తుంది. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి వచ్చిన మై విలేజ్ షో యూట్యూబ్ ఛానల్ ఊరి మాటకున్న బలం ఏంటో చూపించింది. గంగవ్వ లాంటి పల్లెటూరి అవ్వ మాటను రాష్ట్రమంతా విన్నది. నవ్వుకు పనికొచ్చిన ఆ సహజత్వం భయానికీ పనికొస్తుంది.

లొకేషన్ బాగుందని దూరిపోవద్దు

కరీంనగర్ పక్కనే మానేరు ఒడ్డున ఎల్గందుల కోట. పాత గోడలు, చీకటి మెట్లు. ఆదిలాబాద్ వైపు కవ్వాల్ అడవి, కుంటాల జలపాతం. చూస్తే కెమెరా తీయాలనిపిస్తుంది. కానీ కవ్వాల్ టైగర్ రిజర్వ్. రాత్రి పూట అనుమతి లేకుండా అడవిలోకి వెళ్లడం నేరం, పైగా ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కుంటాల దగ్గర రాళ్ల మీద కాలు జారి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పాడుబడ్డ ఇళ్లలో పాములుంటాయి, కప్పులు కూలుతాయి. కోటల్లో షూటింగ్‌కు ముందే పర్మిషన్ తీసుకోవాలి.

రోడ్డు మీద తెలియనివాళ్లను భయపెట్టి, రియాక్షన్ షూట్ చేద్దామనుకుంటే మాత్రం కేసే. 2019 నవంబర్‌లో బెంగళూరులో దెయ్యం వేషాలు వేసుకుని అర్ధరాత్రి దారిన పోయేవాళ్లను బెదరగొట్టిన ఏడుగురు కుర్రాళ్లను పోలీసులు అరెస్ట్ చేశారు. వాళ్లు చేసింది యూట్యూబ్ వీడియో కోసమే!

ఇంకోమాట. అడవి, డప్పులు, నెమలి ఈకల టోపీలు కనిపించగానే కొందరు వాటిని "భయంకరమైన తెగ" సీన్లకు వాడేస్తుంటారు. అది గోండుల గుస్సాడీ. దండారి పండుగలో దైవంగా భావించి వేసుకునే వేషం. దాన్ని దెయ్యం కాస్ట్యూమ్ చేయడమంటే ఓ జాతి మొక్కును అవమానించడమే.

ఇప్పుడు ఆ ముసలమ్మ కథకు వద్దాం

సినిమా కోసం నకిలీ రక్తం కలపాల్సి వచ్చింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుందని ఇంట్లో దిష్టి తీసేటప్పుడు అందరూ చూసిందే. మొహానికి మాత్రం అది వాడొద్దు. సున్నం చర్మాన్ని, కళ్లను మండిస్తుంది. చక్కెర పాకంలో ఫుడ్ కలర్ కలుపుకుంటే చాలు. ఆ ఎరుపు చూశాకే మన కుర్రాడికి ఓ అనుమానం వచ్చింది. భూతవైద్యులు పచ్చని నీళ్లను "రక్తం" చేసి చూపించేదీ ఇలాగేనా? అవును, ఇలాంటి కిటుకులతోనే. ఈ గుట్టు తెలియని చోట మాత్రం అది సినిమా కాదు. ఎవరో చేతబడి చేశారనడానికి సాక్ష్యం.

ఆ సాక్ష్యం ఎక్కడిదాకా వెళ్తుంది? 2022 జనవరి 20న జగిత్యాలలోని తారకరామనగర్‌లో ఓ తండ్రిని, ఇద్దరు కొడుకులను పట్టపగలు చంపేశారు. కారణం, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానం. అదొక్కటే కాదు. బాణామతి, చేతబడి నెపంతో దాడులు, హత్యలు ఉత్తర తెలంగాణ వార్తల్లో మాటిమాటికీ వినిపిస్తూనే ఉన్నాయి. ఆదిలాబాద్ సరిహద్దుకు అవతలే ఉన్న మహారాష్ట్ర, మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత, 2013లో చేతబడి పేరుతో జరిగే అమానుషాలకు వ్యతిరేకంగా ప్రత్యేక చట్టమే తెచ్చింది.

1990లలో మన ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు ఫోన్లు లేవు, వాట్సాప్ లేదు. అయినా ఒక పుకారు ఊరూరా తిరిగింది. మరి ఇప్పుడు? ఐదు నిమిషాల సినిమాలోంచి ఎవరో ఇరవై సెకన్లు కోసి, "ఫలానా ఊళ్లో నిజంగా జరిగింది" అని ఫార్వర్డ్ చేస్తే చాలు.

ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్ టీమ్ 1999లో ఇదే ట్రిక్‌తో పబ్లిసిటీ చేసింది. నటులు నిజంగానే అడవిలో తప్పిపోయారన్నట్టు ప్రచారం చేసింది. సినిమా సూపర్ హిట్. కానీ అక్కడి మంత్రగత్తె కల్పిత పాత్ర. మన ఊరి చివర ఇంట్లో ఉన్నది నిజమైన మనిషి. భర్త పోయి, పిల్లలు దుబాయ్‌లోనో బొంబాయిలోనో ఉంటే, ఒంటరిగా బతుకుతున్న అవ్వ. సినిమా చూసినవాళ్లు రేపు బావి దగ్గర ఆమె వైపు ఎలా చూస్తారు?

అందుకే ఫ్రేమ్ మూలన ఎప్పుడూ సినిమా పేరు కనిపించేలా పెట్టాలి. "నిజంగా జరిగింది" అనే థంబ్‌నెయిల్ వద్దు. నిజమైన ఊరి పేరు, ఇంటి పేరు వాడొద్దు. ఎవరింటి ముందు షూట్ చేస్తున్నారో వాళ్లకు కథ మొత్తం చెప్పి, సరేనంటేనే తీయాలి.

ఒక్క మార్పు చాలు

మరి కథ పారేయాలా? అక్కర్లేదు. అదే ఇల్లు, అదే అమావాస్య, అదే అవ్వ. కెమెరాను మాత్రం గుమ్మం బయటి నుంచి తీసి ఇంటి లోపల, ఆమె పక్కన పెట్టండి.

బయట కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు. ఒకరివి కావు, చాలామందివి. కిటికీ సందులోంచి టార్చ్ వెలుతురు గోడ మీద పాకుతోంది. గొళ్లెం మెల్లగా కదిలింది. అవ్వ లేచి కూర్చుని అడిగింది.. "ఎవలాడ?"

ఇప్పటిదాకా నేర్చుకున్న టెక్నిక్కులన్నీ ఇందులో ఉన్నాయి. దెయ్యం మాత్రం లేదు. తలుపు కొడుతున్నది మనుషులే. ఊళ్లో మొదటి షో వేసినప్పుడు మన కుర్రాడు తెర వైపు చూడక్కర్లేదు. ఆ గొళ్లెం కదిలినప్పుడు జనం ఎవరి కోసం భయపడుతున్నారో, వాళ్ల మొహాలు చూస్తే చాలు.