ధూళిగీతములు: కర్త తెలిసిన జానపదగేయములు

కర్త ఎవరో తెలియకుండుట జానపదగేయమునకు ముఖ్యలక్షణమని మన పరిశోధకులలో పలువురు చెప్పుదురు. అట్లయినచో కర్త పేరు తెలిసి, అతని కంఠముననే, ఒక వాణిజ్యసంస్థ స్టూడియోలో ధ్వనిముద్రితమైన పాటలను ఏమనవలెను? అమెరికా గాయకుడగు వుడీ గత్రీ 1940లో వెలువరించిన 'డస్ట్ బౌల్ బాలడ్స్' అను ఆల్బము ఈ ప్రశ్నకు తగిన నిదర్శనము.

గత్రీ 1912 జూలై 14న ఓక్లహోమా రాష్ట్రమందలి ఓకీమాలో జన్మించెను. 1930 తరువాతి దశాబ్దమున అనావృష్టి వాటిల్లెను. అంతకుముందే పచ్చికబయళ్లను విచ్చలవిడిగా దున్నియుండుటచే, పట్టు తప్పిన పైమన్ను గాలికి లేచి మేఘమువలె క్రమ్మెను. 1935 ఏప్రిల్ 14 నాటి దుమ్ముతుపాను వచ్చినపుడు గత్రీ టెక్సాస్ లోని పాంపాలో నుండెను. బ్రతుకుతెరువు కోల్పోయిన కుటుంబములు వేలకొలది కాలిఫోర్నియాకు వలసపోయినవి. అతడును ఆ త్రోవనే పోయెను.

1940 ఏప్రిల్ 26న న్యూజెర్సీలోని కామ్డెన్ నగరమున విక్టర్ సంస్థ ఈ పాటలలో పెక్కింటిని ముద్రించెను. జూలైలో అవి మూడేసి రికార్డుల సంపుటములు రెండుగా వెలువడెను. నాడు రికార్డులను పుస్తకమువలె కూర్చిన అట్టలలో నుంచి అమ్ముటచేతనే ఆల్బమను పేరు వచ్చినది. నిమిషమునకు 78 మారులు తిరుగు పది అంగుళముల రికార్డులో ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషముల పాటయే పట్టును. స్టైన్‌బెక్ 1939 నాటి నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' కథను చెప్పు 'టామ్ జోడ్' అను పాట రెండు ప్రక్కలను ఆక్రమించెను. అందుచే పండ్రెండు ప్రక్కలలో పదునొకండు పాటలే ఇమిడినవి.

మాటలు గత్రీవి, వరుసలు మాత్రము అనేకము పాతవి. 'టామ్ జోడ్' వరుస 'జాన్ హార్డీ' అను పూర్వపు కథాగేయమునకు చెందినది. 'ఐ ఎయింట్ గాట్ నో హోమ్' అను పాటకు మూలమొక క్రైస్తవ భక్తిగీతము. ఆ గీతము ఇహమును కాదని పరమున నెలవు చూపును. గత్రీ పాట ఇహముననే ఇల్లు లేకపోవుటను ప్రశ్నించును. మూలమెరిగిన శ్రోతకు ఈ ఎదురుతిరుగుటయే పాటలోని సారము. 'డో రే మి' అను పాట పేరు మన సరిగమలవంటి స్వరనామములను తెలుపుచునే, ఆ దేశపు వాడుకలో డబ్బునకు మారుపేరగును. 1936లో లాస్ ఏంజిలిస్ పోలీసులు రాష్ట్రపు సరిహద్దున నిలిచి, చేత డబ్బు లేని వలసదారులను త్రిప్పిపంపిరి. ఆ శ్లేష వెనుకనున్న చేదు ఇదియే.

రికార్డునకెక్కిన పాట మార్పులేక నిలిచిపోవునను శంక కలుగవచ్చును. కాని 'డస్టీ ఓల్డ్ డస్ట్' అను పాట మాటలు మారి, వీవర్స్ అను బృందముచే 1951 నాటికి దేశమంతట ప్రచారము పొందెను. కావున పాటను జానపదమొనర్చునది కర్త అజ్ఞాతుడగుట కాదనియు, వరుసను సమాజమునుండి గ్రహించి మరల సమాజమునకే యిచ్చుట యనియు మేము తలంచుచున్నాము.

కరవును, వలసను పాడినవారు మన పల్లెలలోను కలరు. కర్త పేరు తెలిసినదను కారణమున సేకర్త వారి పాటను విడిచినచో, ఆ పేరు మాసిపోవువరకు వేచియుండవలెను. అప్పటికి పాటయు మిగులకపోవచ్చును.