ప్రాసెసర్ స్పీడ్ మార్చాక పీసీ టైమ్ వెనకబడుతోందా? బ్యాటరీ కొనేముందు ఇది చూడండి

తత్కాల్ ఏసీ టికెట్లు ఉదయం 10 గంటలకి ఓపెన్ అవుతాయి. మీ పీసీలో టైమ్ మూడు నిమిషాలు వెనక ఉంటే, మీరు బుక్ చేసేలోపు విజయవాడ నుంచి వెళ్లే బండిలో సీట్లు అయిపోతాయి. పీసీలో టైమ్ తప్పితే చాలామంది వెంటనే బ్యాటరీ మార్చేస్తారు. కానీ తప్పు ప్రతిసారీ బ్యాటరీది కాదు.

పీసీలో గడియారాలు రెండు. ఒకటి మదర్‌బోర్డ్ మీద ఉండే ఆర్‌టీసీ. అందులో సెకనుకి 32,768 సార్లు కంపించే చిన్న క్రిస్టల్ ఉంటుంది. పీసీ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాన్ని నడిపేది ఆ బిళ్ల బ్యాటరీ. రెండోది విండోస్ సొంతంగా నడుపుకునే గడియారం. ఆన్ అయ్యేటప్పుడు ఆర్‌టీసీని చూసి టైమ్ తీసుకుంటుంది, ఆ తర్వాత ఒక కౌంటర్ టిక్కులు లెక్కపెట్టుకుంటూ పోతుంది.

అసలు చిక్కు ఇక్కడే. "సెకనుకి ఇన్ని టిక్కులు" అని ముందే లెక్క కట్టేసుకుంది కదా. మధ్యలో టిక్కులు నెమ్మదిస్తే దాని సెకను సాగిపోతుంది. పాత ప్రాసెసర్లలో స్పీడ్ తగ్గితే ఈ కౌంటర్ కూడా తగ్గేది. కొత్తవాటిలో మల్టిప్లయర్ మార్చినా కౌంటర్ మారదు. కానీ బేస్ క్లాక్, అంటే ఎక్కువ బోర్డుల్లో 100 మెగాహెర్ట్జ్ ఉండేది, దాన్ని విండోస్ నడుస్తుండగా మారిస్తే కొన్ని సిస్టమ్స్‌లో తేడా వస్తుంది.

2013 ఆగస్టులో హెచ్‌డబ్ల్యూబాట్ అనే ఓవర్‌క్లాకింగ్ సైట్ ఇందుకే విండోస్ 8 స్కోర్లు తీసుకోవడం ఆపేసింది. బేస్ క్లాక్ 130 నుంచి 122కి తగ్గిస్తే 5 నిమిషాల్లో 18 సెకన్లు తేడా! గడియారం నెమ్మదిస్తే టెస్ట్ తక్కువ టైమ్‌లో అయినట్టు కనిపిస్తుంది, స్కోర్ ఊరికే పెరుగుతుంది. అదే లెక్కన గంటకి మూడున్నర నిమిషాలు పోతాయి.

మరి మీ పీసీలో ఏది? ఇలా తేల్చండి.

1. ఇంటర్నెట్ సింక్ ఆపేసి, ఫోన్ టైమ్ పక్కన పెట్టుకుని పీసీని గంటసేపు నడపండి. ఆన్‌లో ఉండగానే వెనకబడితే బ్యాటరీకి సంబంధం లేదు. స్పీడ్ మార్చే సాఫ్ట్‌వేర్ తీసేయండి, బయోస్‌లో డిఫాల్ట్స్ లోడ్ చేసి రీస్టార్ట్ చేయండి. స్పీడ్ మార్చాలంటే బయోస్‌లోనే మార్చండి. అప్పుడు సిస్టమ్ కొత్త లెక్కతో మొదలవుతుంది.

2. ఆన్‌లో కరెక్ట్‌గా ఉండి, రాత్రి ప్లగ్ తీసేసి పెడితే పొద్దున్నే తప్పు చూపిస్తోందా? అప్పుడు బ్యాటరీ మార్చండి. డెస్క్‌టాప్‌లో సాధారణంగా సీఆర్2032 ఉంటుంది.

3. తేడా సరిగ్గా ఐదున్నర గంటలా? అయితే గడియారం స్లో కాదు. టైమ్‌జోన్ తప్పు, లేదా విండోస్ పక్కన లినక్స్ వేశారు.

చివరిగా ఒక్క మాట. "సింక్ నౌ" నొక్కితే టైమ్ సరిపోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ముందు టెస్ట్ చేయండి, తర్వాతే డబ్బులు పెట్టండి.