నలుగురి మాట ఒకటి కావాలంటే



బళ్లారిలో అన్నగారు, హోసూరులో మీరు, బరంపురంలో మేనమామ, షోలాపూరులో పిన్నిగారు. మన కుటుంబాలు చాలావరకు ఇలా నాలుగు రాష్ట్రాలలో సర్దుకుని ఉన్నవే. ఇంట్లో పెళ్లి కుదిరితే ముహూర్తం విషయంలో అందరి మాటా ఒకటి కావాలి. ఒకప్పుడు అదంతా ఉత్తరాల మీదే నడిచేది. ఉత్తరం ఆలస్యం కావచ్చు, దారిలో పోనూ పోవచ్చు.

వేరువేరు చోట్ల ఉండి ఒకే పని చేసే కంప్యూటర్లకూ సరిగ్గా ఇదే చిక్కు. బ్యాంకు లెక్కలన్నీ ఒక్క యంత్రంలోనే పెడితే, అది చెడిన రోజున అందరి పనీ ఆగిపోతుంది. అందుకని పలుచోట్ల నకళ్లు ఉంచుతారు. మరి ఆ నకళ్లన్నీ ఒకే మాట మీద ఉండేదెట్లా? ఈవేళ దాన్ని గురించి ముచ్చటించుకుందాం.

మొదట ఇద్దరి సంగతి చూద్దాం. "శుక్రవారం ఇద్దరం కలిసి పెళ్లివారింటికి వెళదాం" అని మీరు అన్నగారికి రాశారు. ఒక్కరే వెళితే మర్యాద కాదు. ఆయన "సరే" అని జవాబు రాశారు. ఆ జవాబు మీకు అందినట్టు ఆయనకు తెలిసేదెట్లా? మీరు మళ్లీ రాయాలి. అది అందినట్టు ఆయన మళ్లీ రాయాలి. పోనీ, ఎక్కడో ఒకచోట ఆపుదామా? ఆఖరు ఉత్తరం దారిలో పోయినా ఇద్దరూ బయలుదేరాలి కదా! అంటే ఆ ఉత్తరం అక్కరలేనిదన్నమాట. దాన్ని తీసేస్తే దాని ముందుది ఆఖరుది అవుతుంది. అదీ అక్కరలేనిదే. ఇలా తీసుకుంటూపోతే ఒక్క ఉత్తరమూ మిగలదు. కనుక కబుర్లు పోయే దారిలో పూర్తి నమ్మకం అసాధ్యం. 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ చిక్కును తమ పత్రంలో చర్చించారు.

ఉత్తరాలు చక్కగా అందినా, రాసేవారిలో ఒకరు తప్పు చెబితే? అమెరికాలో నాసా సంస్థ సహాయంతో, విమానాన్ని నడిపించే కంప్యూటర్ ఒకటి చెడినా ప్రమాదం రాకుండా ఉండే ఏర్పాటు కోసం 1970ల్లో పరిశోధన జరిగింది. చెడిన యంత్రం ఊరక ఆగిపోతే ఫరవాలేదు. ఒకరికి ఒక అంకె, మరొకరికి మరొక అంకె చెబితేనే ముప్పు. ఆ పరిశోధన నుంచే పీజ్, షోస్టాక్, లాంపోర్ట్ అనే వారు 1980లో ఒక ఫలితం ప్రకటించారు.

మన ఇంటి లెక్కలోనే చెప్పుకుందాం. మేనమామ మీకు "శుక్రవారం" అన్నారు. అన్నగారేమో "మామయ్య నాకు ఆదివారం అన్నారే" అంటున్నారు. తప్పు మామయ్యదా, అన్నగారిదా? మీకు తేలదు. ముగ్గురిలో ఒకరు చెడితే తేల్చే ఉపాయమే లేదు. పిన్నిగారు కూడా చేరితే తేలుతుంది. మామయ్య తమకు చెప్పినది మిగతా ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకుని, ఎక్కువమంది విన్న మాట తీసుకోవాలి. తప్పు మామయ్యదే అయితే, ముగ్గురి దగ్గరా అవే మూడు మాటలుంటాయి గనుక ముగ్గురూ ఒకే నిర్ణయానికి వస్తారు. తప్పు ముగ్గురిలో ఒకరిదైతే, మిగిలిన ఇద్దరి దగ్గరా మూడింట రెండు సరైన మాటలుంటాయి. అలాగే చెడేవి రెండు కావచ్చుననుకుంటే మొత్తం ఏడు యంత్రాలు కావాలి, మూడయితే పది. ఎవరూ కల్పించలేని సంతకం ఉంటే మాత్రం ఇంతమంది అక్కరలేదు. మామయ్య రాసిన రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెడితే చాలు!

ఇంకొక చిక్కుంది. జవాబు రాని మనిషి మంచాన పడ్డాడా, లేక ఉత్తరం ఆలస్యమైందా? 1985లో ఫిషర్, నాన్సీ లించ్, పాటర్సన్ అచ్చువేసిన పత్రంలో, కబుర్ల ఆలస్యానికి హద్దే లేనప్పుడు, ఒక్క యంత్రం ఆగిపోయే వీలున్నా సరే, ముందే రాసిపెట్టుకున్న ఏ పద్ధతీ తప్పక నిర్ణయానికి చేరుస్తుందని హామీ ఇవ్వలేదని నిరూపించారు.

మరి బ్యాంకులు ఎలా నడుస్తున్నాయి అంటారా? యంత్రాలు ఆగిపోవచ్చునే గాని అబద్ధం చెప్పవనుకున్న చోట, ఆలస్యమైతే అవుతుంది గాని ఇద్దరికి రెండు నిర్ణయాలు మాత్రం రాకూడదని నియమం పెట్టుకున్నారు. అయిదు యంత్రాలుంటే మూడు ఒప్పుకోవాలి. అయిదింట ఏ మూడు తీసుకున్నా, మరే మూడు తీసుకున్నా, ఒకటైనా రెండింటిలోనూ ఉంటుంది. ఆ ఒకటీ పాత నిర్ణయాన్ని గుర్తుచేస్తుంది. ఈ ఆలోచన మీద లాంపోర్ట్ కట్టిన పద్ధతికి 'పాక్సోస్' అని పేరు. ఒక గ్రీకు ద్వీపపు శాసనసభ కథగా రాసిన ఆ వ్యాసం 1998లో అచ్చయింది. 2013 సంవత్సరానికి ఆయనకు ట్యూరింగ్ బహుమతి ఇచ్చారు.

ఇదంతా మనకెందుకు అనుకోకండి. కిరాణా కొట్టులో ఫోన్‌తో డబ్బు కడతారు. మీ ఖాతాలో తగ్గినట్టు కబురు వస్తుంది, కొట్టువారికి చేరినట్టు రాదు. తెర మీద "పెండింగ్" అని ఉంటుంది. దాని అర్థం డబ్బు పోయిందనీ కాదు, చేరిందనీ కాదు. జవాబు ఇంకా తేలలేదని. ప్రతి చెల్లింపుకూ ఒక నంబరు ఉంటుంది. అదే నంబరుతో కబురు పదిసార్లు వచ్చినా లెక్క ఒక్కసారే జరిగేలా చూసుకోవడం ఈ వ్యవస్థలు కట్టేవారి పని. మీరు కంగారుపడి మళ్లీ నొక్కితే మాత్రం అది కొత్త నంబరు, కొత్త చెల్లింపు. రెండుసార్లూ డబ్బు పోవచ్చు. కనుక కాసేపు ఆగి, ఆ మొదటి నంబరు సంగతి తేలనివ్వండి. యంత్రాలకు కూడా నలుగురి మాట ఒకటి కావడానికి కాస్త సమయం పడుతుంది మరి.