గుంటలో బిళ్ళ

పిల్లలూ! మీ ఇంట్లో ఏడాదిన్నర తమ్ముడో, చెల్లాయో ఉన్నారా? ఉంటే ఒక తమాషా చూడవచ్చు.

ఒక చెక్క పలక. దానిలో గుండ్రంగా ఒక గుంట, చదరంగా ఒకటి, మూడు మూలలది ఒకటి తొలిచి ఉంటాయి. ఒక్కొక్క గుంటకు సరిపోయే చెక్క బిళ్ళ, బిళ్ళ మీద పట్టుకునేందుకు చిన్న గుబ్బ. ఇంతే సామాను. దీనిని పసివాడి ముందు పెడితే, సాధారణంగా గుండ్రని బిళ్ళే ముందు గుంటలో పడుతుంది.

ఎందుచేత? గుండ్రని బిళ్ళను ఎటు తిప్పినా పడుతుంది. చదరం నాలుగు విధాలుగానే పడుతుంది. భుజాలు సమానమైన త్రిభుజం మూడు విధాలుగానే. మామిడికాయ ఆకారమైతే ఒక్కటే విధం! అంటే పసివాడు ఆకారం గుర్తుపడితే చాలదు, మణికట్టు తిప్పడం కూడా నేర్వాలి.

ఇటువంటి సామానుకు పేరు తెచ్చినావిడ ఇటలీ దేశపు డాక్టరు మరియా మాంటిస్సోరి. 1907లో రోము నగరంలో పేదపిల్లల కోసం బడి తెరిచింది. ఆమె వాడిన దిమ్మకు పది గుంటలు, వాటిలో దిగే గుబ్బల స్తూపాలు పది. సన్న స్తూపాన్ని లావు గుంటలో వేస్తే అప్పటికి బాగానే ఉంటుంది. చివరకు ఒక స్తూపం ఎక్కడా పట్టక మిగిలిపోతుంది. "తప్పు" అని పంతులు అనవలసిన పని లేదు, దిమ్మే చెబుతుంది. 1939లో ఆవిడ మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. యుద్ధం మూలాన 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది.

గుబ్బను పట్టేవి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. రేపు బలపం పట్టేవీ ఆ మూడే. ఒకటో తరగతిలో బలపాన్ని పిడికిలితో పట్టే పిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్ళకు కావలసింది దెబ్బ కాదు, వేళ్ళకు పని.

పెద్దలకు ఒక మాట. పసివాడు చదరాన్ని గుండ్రని గుంటలో నొక్కుతూ ఉంటే మన చెయ్యి ఊరుకోదు. "అలాగ కాదురా నాన్నా" అంటూ తీసి పెట్టేస్తాం. అంతటితో ఆట మనదైపోతుంది, వాడు లేచిపోతాడు. చేతులు కట్టుకుని చూడడం కష్టమే గాని, చూడండి.

కొయ్యబొమ్మలకు మన ప్రాంతం పెట్టింది పేరు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. మా చోడవరమూ, అదీ పూర్వం విశాఖ జిల్లాలోవి. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోవి. అక్కడి పనివారు మెత్తని అంకుడు కర్రను యంత్రం మీద గిరగిర తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తిరుగుతున్న బొమ్మకు లక్క అదిమిపెడితే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. రంగులకు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వాడతారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసివాడు ఏదైనా ముందు నోట్లోనే పెడతాడు గదా, రంగు ఏమిటో తెలుసుకుని కొనడం మంచిది. గుబ్బను గట్టిగా లాగి చూడండి, ఊడితే వద్దు. నోట్లో పట్టేటంత చిన్న బిళ్ళా వద్దు.

పలక దొరకలేదా? నాలుగు సైజుల గిన్నెలూ, వాటి మూతలూ కలిపి ముందు పెట్టండి. మూతకూ గుబ్బ ఉన్నది. చప్పుడుకు అమ్మ కోప్పడితే ఈ పేజీ చూపించండి.