బడి తోటకు అగర్: ఏ నేలకు ఏ బిట్టు?

జూలై మొదటి వారంలో వనమహోత్సవం. 1950 నుంచీ దేశమంతా జరుగుతున్నదే. మన బడుల్లోనూ మొక్కలు నాటుతాం, ఫొటోలు తీసుకుంటాం. మరుసటి వేసవికి అందులో ఎన్ని బతికి ఉన్నాయో లెక్కపెట్టిన బడులు తక్కువ. నీళ్లు పోయలేదనో, మేకలు మేశాయనో అనుకుంటాం. అసలు లోపం చాలాసార్లు గుంతలోనే ఉంటుంది.

ఇప్పుడు చాలా ఊళ్లలో పెట్రోలుతో నడిచే అగర్ యంత్రం అద్దెకు దొరుకుతోంది. తల్లిదండ్రుల కమిటీ నలుగురి దగ్గర తలా కొంత పోగుచేస్తే ఒక రోజుకు తెచ్చుకోవచ్చు. అందరూ ఇంజను ఎన్ని సీసీలని అడుగుతారు. బిట్టు సంగతి అడిగేవారు తక్కువ. నేలలోకి దిగేది బిట్టే కదా.

వడ్రంగి బరమా చూసిన పిల్లలకు దీన్ని వేరుగా చెప్పనక్కరలేదు. నిలువు కడ్డీ చుట్టూ ఇనుప రేకు మెలికలు తిరిగి ఉంటుంది. సామాన్య శాస్త్రంలో స్క్రూ అంటే కడ్డీకి చుట్టిన వాలుతలం అని చెబుతామే, అదే ఇది. అడుగున మొన నడిమిని పట్టి నిలుపుతుంది, పక్కన పళ్లు మట్టిని కోస్తాయి, మెలిక ఆ మట్టిని పైకి తెస్తుంది. పళ్లు మొద్దుబారితే ఎంత పెద్ద ఇంజనైనా పొగే తప్ప పని చేయదు. అందుకే అద్దెకు తెచ్చేటప్పుడు ముందు పళ్లు చూడండి. బోల్టు విప్పి మార్చుకునే పళ్లున్న బిట్టు మేలు. రాళ్లు కలిసిన నేలకు కార్బైడ్ మొనలున్నది అడగండి.

మెలిక ఒకటే ఉన్న బిట్లు, రెండున్నవి రెండు రకాలూ దొరుకుతాయి. మెత్తటి నేలకు ఒంటి మెలిక చాలు, ధరా తక్కువే. రెండు మెలికలది రెండు వైపులా సమంగా కోస్తుంది కనుక చేతిలో తక్కువ ఊగుతుంది. గట్టి నేలకు అదే నయం. కడ్డీ పై కొన యంత్రానికి సరిపోతుందో లేదో దుకాణంలోనే బిగించి చూడాలి. ఒక బడివాళ్లకు దుకాణంవాళ్లు వేరే యంత్రం బిట్టు కట్టి పంపితే, ఆదివారం శ్రమదానం మొత్తం పిన్ను వెతుక్కోవడంతోనే గడిచిపోయింది.

ఇక వెడల్పు. 4, 6, 8, 10, 12 అంగుళాల బిట్లు దొరుకుతాయి. పెద్దది తెస్తే అన్నింటికీ పనికొస్తుందనుకుంటారు. పదో తరగతి పిల్లలతో స్థూపం ఘనపరిమాణం లెక్క వేయించండి. 20 సెంటీమీటర్ల వ్యాసం, 60 సెంటీమీటర్ల లోతు గుంతలో సుమారు 19 లీటర్ల మట్టి వస్తుంది. వ్యాసం 30 చేస్తే అది 42 లీటర్లు దాటుతుంది. వెడల్పు ఒకటిన్నర రెట్లయితే పని రెండుంపావు రెట్లు. ఒక్క మనిషి పట్టుకునే యంత్రానికి గట్టి నేలలో 8 అంగుళాలే హాయి. 12 అంగుళాల బిట్టు మెత్తటి నేలకు మాత్రమే. చిన్న సంచిలోని వేప, కానుగ మొక్కలకు 8 సరిపోతుంది. కంచెకు రాతి కూసాలు పాతాలంటే కూసం వెడల్పుకు రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి. మామిడి, పనస లాంటి వాటికి మాత్రం నా ఓటు పాత పద్ధతికే. గడ్డపార, పారలతో రెండడుగుల చదరపు గుంత తీయడమే మంచిది.

గడ్డపారనే తమిళంలో కడప్పారై, కన్నడంలో హారె, ఒడియాలో శాబల, మరాఠీలో పహార అంటారు. మన పిల్లలకు రెండు పేర్లూ తెలిసి ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి దుకాణంలో.

మన బడులన్నీ ఒకే నేల మీద లేవు. హోసూరు వైపు ఎర్రనేల అడుగున గరుసు తగులుతుంది. అక్కడ ముందు 4 అంగుళాల బిట్టు దించి, తరువాత అదే చోట 8 దించితే యంత్రం మొరాయించదు. ఎండిపోయిన నేలైతే ముందురోజు సాయంత్రం గుర్తు పెట్టిన చోట రెండు బిందెల నీళ్లు పోయండి. ఇసుక నేలలో బిట్టు పైకి తీయగానే అంచులు కూలుతాయి. అక్కడా ముందు తడపాలి.

బళ్లారి, షోలాపూర్ వైపు నల్లరేగడితోనే అసలు చిక్కు. ఎండితే రాయి, తడిస్తే జిగురు. గుప్పెడు మట్టి ఉండ చేసి బొటనవేలితో నొక్కండి. పొడిగా విరిగితే తవ్వవచ్చు, వేలికి అంటుకుని సాగితే రెండు రోజులు ఆగండి. తడి రేగడిలో తిరిగిన బిట్టు గుంత గోడలను కుండ లోపలి భాగంలా నున్నగా మెరిపిస్తుంది. ఆ గోడను వేరు చీల్చలేక గుంతలోనే చుట్టలు తిరుగుతుంది. మొక్క మొదటి ఏడు పచ్చగానే ఉండి, ఎండ ముదరగానే వాడిపోతుంది. మందు సులువే. మొక్క పెట్టే ముందు గడ్డపార కొనతో గోడల చుట్టూ బాగా గీరాలి. ఈ పని పెద్ద పిల్లలకు అప్పగించవచ్చు.

యంత్రం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకూడదు. తొమ్మిదో తరగతి కుర్రాడు ఎంత బలంగా ఉన్నా సరే. బిట్టు రాయికో వేరుకో తగిలి ఆగితే ఇంజను తిప్పుడు మొత్తం పట్టుకున్న చేతుల మీదికి వస్తుంది. మణికట్టు మెలిపడుతుంది, మనిషి పక్కకు పడతాడు. కాళ్లు ఎడంగా నిలదొక్కుకోవాలి. మెల్లగా మొదలుపెట్టి, అరడుగు దిగగానే బిట్టు పైకి తీసి మట్టి దులపాలి. ఒక్క ఊపులో అడుగంటా దించితే పైనున్న మట్టి బరువుకు అది ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ముందు ఇంజను ఆపాలి. ఆ తరువాత పైపు రెంచితో అపసవ్య దిశలో చేత్తో తిప్పి తీయాలి. భుజం మీది తువ్వాలు, లుంగీ, చీర కొంగు, చున్నీ ఏవీ దగ్గరికి రాకూడదు. నీటి పైపు, కరెంటు తీగ నేలలో ఎటు పోతున్నాయో బడిలో పాతవాళ్లను అడిగాకే గుర్తులు పెట్టండి.

పై అడుగు మట్టిని ఒక పక్క, కింది మట్టిని మరో పక్క పోయించండి. పూడ్చేటప్పుడు పై మట్టి వేళ్ల దగ్గరికి వెళ్లాలి. ఆ రోజు ఎన్ని మొక్కలు నాటగలరో అన్నే గుంతలు తీయండి. మిగిలిన గుంత ఎనిమిది అంగుళాలదే కావచ్చు, ఒకటో తరగతి పిల్లవాడి కాలు దిగి విరగడానికి అది చాలు. నాటడం మర్నాటికి వాయిదా పడితే సాయంత్రం గంట కొట్టేలోగా ప్రతి గుంత మీదా బండ కప్పించండి.